ఎంపీసీయా, బైపీసీయా: తేల్చుకునే ముందు పది రోజులు

సంక్రాంతి సెలవులు అయ్యాయో లేదో, జూనియర్ కాలేజీల పీఆర్వోలు పదో తరగతి పిల్లలున్న ఇళ్ళ తలుపులు తడతారు. చేతిలో రంగుల బ్రోచరు, దాన్నిండా ర్యాంకర్ల ఫొటోలు. ఇప్పుడు కడితే ఫీజులో రాయితీ ఉంటుందనీ, నెలాఖరు దాటితే ఉండదనీ చెబుతారు. నాన్న అడ్వాన్సు కడతాడు. రసీదు మీద గ్రూపు పేరు రాసి ఇస్తారు. పిల్లవాడు పదో తరగతి ఆఖరి పాఠాలు ఇంకా వినకముందే, వచ్చే రెండేళ్ళు ఏం చదవాలో అలా తేలిపోతుంది. కొన్ని ఇళ్ళలో అసలు చర్చే జరగదు. జరిగిన ఇళ్ళలోనూ అది "డాక్టరా, ఇంజనీరా" అన్న దగ్గరే ఆగిపోతుంది.

పదిహేనేళ్ళ వయసులో ఆ ప్రశ్నకి నిజమైన జవాబు నీ దగ్గర ఉండదు. ఉండాల్సిన అవసరమూ లేదు. డాక్టరు రోజంతా ఏం చేస్తారో, సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ఆఫీసులో ఏం చేస్తారో నువ్వు చూడలేదు. అయితే నువ్వు స్వయంగా పరీక్షించి తెలుసుకోగలిగిన సంగతి ఒకటుంది. రోజూ గంటల తరబడి ఏ పుస్తకం ముందు కూర్చోగలవు, ఏ సబ్జెక్టులో చిక్కుపడినా మళ్ళీ దాని దగ్గరికి వెళ్ళాలనిపిస్తుంది అన్నది. గ్రూపు నిర్ణయం దీని మీద నిలబడాలని నా గట్టి నమ్మకం. ఉద్యోగం పేరు మీద నిలబెట్టిన నిర్ణయాలు మొదటి ఏడాది దసరా సెలవుల నాటికే ఊగిసలాడతాయి.

నేను ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పినవాణ్ణి. జూన్‌లో ఉత్సాహంగా ముందు బెంచీలో కూర్చున్నవాళ్ళు అక్టోబరుకల్లా వెనక బెంచీకి జరగడం దగ్గర్నుంచి చూశాను. వాళ్ళలో తెలివి తక్కువవాళ్ళు దాదాపు లేరు. చాలామందికి ఆ సబ్జెక్టు ఎలా ఉంటుందో ముందుగా ఎవరూ చూపించలేదు, అంతే.

పదో తరగతి మార్కులు ఎంతవరకు నమ్మాలి

"లెక్కల్లో తొంభై ఐదు వచ్చాయి, ఎంపీసీ వేసేద్దాం." ఈ మాట ఎన్ని ఇళ్ళలో వినపడుతుందో! మార్కులు అబద్ధం చెప్పవు గానీ, అవి చెప్పేది తక్కువ. పదో తరగతి లెక్కలు చాలావరకు నమూనాల మీద నడుస్తాయి. సారు బోర్డు మీద చేసిన లెక్కే అంకెలు మారి పరీక్షలో వస్తుంది. పది నమూనా పేపర్లు చేసినవాడికి పదకొండోది తెలిసినట్టే ఉంటుంది. శ్రద్ధ, క్రమశిక్షణ ఉన్నాయని ఆ మార్కులు చెబుతాయి. కొత్త లెక్క ఎదురైతే ఏం చేస్తావో చెప్పవు.

ఇంటర్‌లో కొత్త లెక్క రోజూ ఎదురవుతుంది. మన రాష్ట్రాల్లో ఏళ్ళుగా 1ఏ, 1బీ, 2ఏ, 2బీ అని పిలుచుకుంటూ వచ్చిన నాలుగు పేపర్ల విషయాలు తలుచుకో: ఫంక్షన్లు, మాత్రికలు, వెక్టర్లు, ట్రిగొనామెట్రీ, సరళరేఖలు, లిమిట్లు, డిఫరెన్షియేషన్, రెండో ఏడాది సంకీర్ణ సంఖ్యలు, ద్విపద సిద్ధాంతం, సంభావ్యత, వృత్తాలు, పారాబోలాలు, ఇంటిగ్రేషన్. ఆంధ్రప్రదేశ్‌లో 2025–26 నుంచి మొదటి ఏడాది రెండు పేపర్లూ కలిపి ఒకటే చేశారు. పేపర్లు తగ్గినంత మాత్రాన లెక్కలు తేలికైపోలేదు. ఇక్కడ సూత్రం గుర్తుండటంతో పని సగమే అవుతుంది. ఎక్కడ ఏ సూత్రం వాడాలో లెక్కలో రాసి ఉండదు. అది పట్టుకోవడానికి పావుగంట పడుతుంది, ఒక్కోసారి రోజు పడుతుంది. ఆ పావుగంట నీకు చిరాకు తెప్పిస్తుందా, పట్టుదల తెప్పిస్తుందా అన్నదే అసలు ప్రశ్న.

బయాలజీ వైపూ ఇదే జరుగుతుంది. పదో తరగతి జీవశాస్త్రంలో పోషణ, శ్వాసక్రియ, ప్రసరణ లాంటి పాఠాలు కథలా చదువుకోవచ్చు. ఇంటర్ బోటనీ, జువాలజీల్లో వర్గీకరణ, లాటిన్ పేర్లు, పటాలు ఒక్కసారిగా వచ్చి పడతాయి. బొద్దింక అంటే పెరిప్లానెటా అమెరికానా అని మొదలుపెట్టి దాని జీర్ణవ్యవస్థ, రక్తప్రసరణ, నాడీవ్యవస్థ అన్నీ బొమ్మలతో సహా నేర్చుకోవాలి. దాన్ని ఇష్టంగా గీసి భాగాల పేర్లు పెట్టే పిల్లల్ని చూశాను. వాళ్ళకి ఆ రెండేళ్ళు పండగే. కేవలం లెక్కలకి భయపడి వచ్చి కూర్చున్నవాళ్ళకి మాత్రం అదే పుస్తకం బండరాయి అవుతుంది.

లెక్కల నుంచి పారిపోయి బైపీసీలో చేరేవాళ్ళకు

ఈ భాగం కొంచెం తీరిగ్గా చదువు. నేను చూసినంతలో ఎక్కువ నష్టం జరుగుతున్నది ఇక్కడే.

బైపీసీ అంటే బోటనీ, జువాలజీ, ఫిజిక్స్, కెమిస్ట్రీ. పేరులో లెక్కలు లేవు. అందుకే "మా అమ్మాయికి మ్యాథ్స్ అంటే భయమండీ, బైపీసీలో వేస్తాం" అంటారు. కానీ బైపీసీ పిల్లలు చదివే ఫిజిక్స్ పుస్తకమూ, ఎంపీసీ పిల్లలు చదివేదీ ఒకటే. బోర్డు ప్రశ్నపత్రమూ ఒకటే. ఆ పుస్తకం నిండా లెక్కలే.

ఒక ఉదాహరణ చెబుతాను. మొదటి ఏడాదిలో ప్రొజెక్టైల్ పాఠం వస్తుంది. విసిరిన బంతి ఎంత దూరంలో పడుతుందో చెప్పే సూత్రంలో సైన్ టూ థీటా ఉంటుంది. ఎంపీసీ వాళ్ళకి ఆ ఏడాదే ట్రిగొనామెట్రీ క్లాసులో దాని సంగతంతా చెబుతారు. బైపీసీ వాళ్ళకి చెప్పేవాళ్ళు లేరు. నలభై ఐదు డిగ్రీల కోణంలో విసిరితే బంతి ఎందుకు గరిష్ఠ దూరం వెళుతుందో అర్థం కాక, సూత్రాన్ని బట్టీ పడతారు. తర్వాత వెక్టర్లు, తర్వాత తరంగాలు. వేగం, త్వరణాల నిర్వచనాల్లోకే డిఫరెన్షియేషన్ వచ్చేస్తుంది. కెమిస్ట్రీలో పీహెచ్ కట్టాలన్నా, రెండో ఏడాది నెర్న్‌స్ట్ సమీకరణం చేయాలన్నా లాగరిథమ్స్ రావాలి. మోల్ లెక్కల్లో నిష్పత్తులు కళ్ళు మూసుకుని చేయగలగాలి.

ఇప్పుడు ఎంబీబీఎస్ సీటు కోసం రాసే నీట్ సంగతి చూడు. మొత్తం 720 మార్కులు. అందులో బయాలజీకి 360. మిగతా 360 ఫిజిక్స్, కెమిస్ట్రీలవి, చెరో 180. 180 ప్రశ్నలకు 180 నిమిషాలు. బయాలజీలో ఎంత గట్టిగా ఉన్నా, ఫిజిక్స్‌లో చేతులెత్తేసినవాళ్ళకు ఎంబీబీఎస్ సీటు అందని పండే. ఏటా 20 లక్షల మందికి పైగా రాసే పరీక్షలో, సీట్లు లక్ష పైచిలుకు మాత్రమే ఉన్నచోట, మంచి ర్యాంకుకూ మామూలు ర్యాంకుకూ మధ్య తేడా తెచ్చేది చాలావరకు ఫిజిక్సే. బయాలజీ బాగా చదివినవాళ్ళు ఎలాగూ వేలల్లో ఉంటారు.

అసలు బయాలజీకే లెక్కలు కావాలి. రెండో ఏడాది చదివే జన్యుశాస్త్రానికి మూలపురుషుడు మెండల్. ఆయన వియన్నా విశ్వవిద్యాలయంలో ఫిజిక్స్, లెక్కలు కూడా చదువుకున్నాడు. బఠాణీ మొక్కల్ని అంతకుముందూ ఎందరో చూశారు. ఆయన వాటిని వేల సంఖ్యలో లెక్కపెట్టి, మూడుకి ఒకటి అనే నిష్పత్తి పట్టుకుని 1866లో అచ్చు వేయించాడు. జనాభా జన్యుశాస్త్రంలో వచ్చే హార్డీ–వైన్‌బర్గ్ సూత్రం నువ్వు ఎనిమిదో తరగతిలో నేర్చుకున్న ఏ ప్లస్ బీ హోల్ స్క్వేరే.

కాబట్టి బైపీసీ వద్దని కాదు. జీవుల మీద ఇష్టం ఉంటే తప్పకుండా తీసుకో. తీసుకునే ముందు వేసవిలో కొన్ని విషయాలు మాత్రం పట్టు పట్టి నేర్చుకో: ట్రిగొనామెట్రీ నిష్పత్తులు, సైన్, కొసైన్ గ్రాఫులు, ఘాతాంకాలు, లాగరిథమ్స్, గ్రాఫు వాలు, గ్రాఫు కింద వైశాల్యం, వెక్టర్‌ను రెండు భాగాలుగా విడదీయడం, మామూలు డిఫరెన్షియేషన్. మంచి టీచరు దొరికితే ఇదంతా నెల రోజుల పని. కాలేజీలో చేరేటప్పుడు "బైపీసీ వాళ్ళకు ఫిజిక్స్‌కి కావాల్సిన లెక్కలు విడిగా చెబుతారా?" అని అడుగు. చెబుతామన్న కాలేజీకి నా దృష్టిలో పది మార్కులు ఎక్కువ.

ఇంకో మాట. బైపీసీ అంటే ఒక్క ఎంబీబీఎస్సే అనుకుని చేరితే, సీటు రానప్పుడు అంతా అయిపోయినట్టు అనిపిస్తుంది. బీడీఎస్, ఆయుర్వేదం, హోమియో, పశువైద్యం, వ్యవసాయ బీఎస్సీ, హార్టికల్చర్, ఫిషరీస్, నర్సింగ్, ఫిజియోథెరపీ, ల్యాబ్ టెక్నాలజీ, బీ ఫార్మసీ, ఫార్మ్ డీ, బయోటెక్నాలజీ, మైక్రోబయాలజీ, ఇవన్నీ ఈ గ్రూపు దారులే. తిరుపతి పశువైద్య విశ్వవిద్యాలయమో, వెంకట్రామన్నగూడెం ఉద్యాన విశ్వవిద్యాలయమో చూసి రావడానికి ఒక రోజు ఖర్చు పెట్టు. వీటిలో కనీసం రెండు నీకు ఇష్టంగా అనిపిస్తేనే బైపీసీ నీ గ్రూపు.

ఎంపీసీ: అందరూ వెళ్ళే దారి అయినంత మాత్రాన

ఊళ్ళో పదిమంది చేరారని పదకొండోవాడు చేరే గ్రూపు ఎంపీసీ. సీఎస్ఈ సీటు, ఆ తర్వాత సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, వీలైతే అమెరికా. ఈ కోరిక తప్పని నేను అనను. ఎన్నో కుటుంబాలు ఈ దారిలోనే నిలదొక్కుకున్నాయి. కానీ లెక్కలు ఇష్టం లేకుండా ఈ దారిలో నడవడం కష్టం. ఎప్‌సెట్ ఇంజనీరింగ్ పేపరులో 160 ప్రశ్నలుంటే 80 లెక్కలవే. ఫిజిక్స్, కెమిస్ట్రీ చెరో 40. మూడు గంటల్లో చేయాలంటే ఒక్కో ప్రశ్నకు నిమిషం దాటి కొద్ది క్షణాలు. జేఈఈ మెయిన్‌లో 75 ప్రశ్నలు, 300 మార్కులు, మూడు సబ్జెక్టులకూ సమాన వాటా. ఎప్‌సెట్‌కు వేగం కావాలి. జేఈఈకి లోతు కావాలి. రెండింటికీ ఒకే రకంగా తయారు చేస్తామనే మాటను నమ్మకు.

బోర్డు పరీక్షను చిన్నచూపు చూసే అలవాటు కూడా ఒకటి పెరిగింది. ఎన్ఐటీల్లో, ఐఐటీల్లో చేరాలంటే ఎంట్రన్స్ ర్యాంకుతో పాటు సాధారణంగా ఇంటర్‌లో 75 శాతం మార్కులు గానీ, బోర్డులో మొదటి 20 పర్సెంటైల్‌లో స్థానం గానీ ఉండాలి. ఆంధ్రప్రదేశ్ ఎప్‌సెట్‌లో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉంది. తెలంగాణలో ఆ వెయిటేజీ తీసేశారు. నువ్వు ఏ రాష్ట్రంలో సీటు కోరుకుంటున్నావో బట్టి ఈ లెక్క మారుతుంది.

ఎంపీసీకి ఉన్న నిజమైన బలం వేరు. పదహారేళ్ళకు లెక్కలు వదిలేసినవాళ్ళు ఇరవై ఏళ్ళకు మళ్ళీ వాటి దగ్గరికి రావడం చాలా కష్టం. బయాలజీ వదిలేసినవాళ్ళు తర్వాత తిరిగి రావడం అంత కష్టం కాదు. ఇందుకు వెంకీ రామకృష్ణన్ కంటే మంచి సాక్ష్యం నాకు తెలియదు. బరోడాలో ఫిజిక్స్‌తో బీఎస్సీ, అమెరికాలో ఫిజిక్స్‌లోనే పీహెచ్‌డీ చేశాడు. ఆ తర్వాత జీవశాస్త్రం నేర్చుకోవడానికి మళ్ళీ విద్యార్థిగా చేరాడు. కణంలో ప్రొటీన్లు తయారుచేసే రైబోజోమ్ నిర్మాణాన్ని విప్పి చెప్పినందుకు 2009లో కెమిస్ట్రీలో నోబెల్ అందుకున్నాడు. మూడు సబ్జెక్టులు ఒక్క జీవితంలో అలా కలిశాయి. అటునుంచి ఇటు వచ్చినవాళ్ళు, అంటే లెక్కలు లేకుండా మొదలుపెట్టి ఫిజిక్స్‌లో పేరు తెచ్చుకున్నవాళ్ళు, చాలా అరుదు. అందుకే నీకు రెండూ సమానంగా ఇష్టమై, ఎటూ తేల్చుకోలేకపోతే, లెక్కల్ని అట్టే పెట్టుకోమని చెబుతాను.

ఇప్పుడు తలుపులు పూర్తిగా మూసుకుపోవడం కూడా తగ్గింది. 2023 నవంబరులో జాతీయ వైద్య కమిషన్ ఇచ్చిన నోటీసు ప్రకారం, ఇంటర్ తర్వాత బయాలజీని అదనపు సబ్జెక్టుగా ప్యాసైనవాళ్ళూ నీట్ రాయొచ్చు. ఆంధ్రప్రదేశ్ ఇంటర్ బోర్డు 2025–26 నుంచి ఎంపీసీ వాళ్ళు బయాలజీని, బైపీసీ వాళ్ళు లెక్కల్ని అదనంగా చదువుకునే వీలు కల్పించింది. సీబీఎస్ఈ బడుల్లో లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ నాలుగూ కలిపి చదివే అలవాటు ఎప్పటినుంచో ఉంది. అయితే నిర్ణయం వాయిదా వేయడానికి నాలుగూ నెత్తికెత్తుకోవద్దు. ఆ బరువు మోయడానికి బలమైన కారణం ఉండాలి. అలాంటి కారణం ఒకటుంది: నీకు సైన్సే కావాలి, శాస్త్రవేత్త కావాలి. తిరుపతితో సహా దేశంలోని ఐసర్‌లలో చేరడానికి రాసే పరీక్షలో బయాలజీ, కెమిస్ట్రీ, లెక్కలు, ఫిజిక్స్ నాలుగింటి నుంచీ పదిహేనేసి ప్రశ్నలొస్తాయి. బైపీసీ అమ్మాయికి లెక్కల భాగం, ఎంపీసీ అబ్బాయికి బయాలజీ భాగం అక్కడ అడ్డుపడతాయి. నాలుగూ చదివినవాళ్ళకు ఆ తిప్పలు ఉండవు.

లెక్కలంటే ప్రాణం, ఫిజిక్స్ అంటే తలనొప్పి అనేవాళ్ళను కూడా తీసుకెళ్ళి ఎంపీసీలోనే పడేస్తున్నాం. వాళ్ళ కోసం ఎంఈసీ ఉంది. లెక్కలు, ఎకనామిక్స్, కామర్స్. సీఏ ఫౌండేషన్‌లో బిజినెస్ మ్యాథ్స్, స్టాటిస్టిక్స్ ఒక పేపరు. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో ఎకనామిక్స్ ఆనర్స్ చదవాలంటే పన్నెండులో లెక్కలు ఉండాలి. కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో బీస్టాట్ ప్రవేశానికి ఫిజిక్స్ అడగరు, లెక్కలు అడుగుతారు. ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కలు చదివిన మన సీఆర్ రావు ఆ సంస్థలోనే దశాబ్దాలు పనిచేసి ప్రపంచ స్టాటిస్టిక్స్‌ను మలుపు తిప్పాడు. చిన్న ఊళ్ళలో ఈ గ్రూపు ఉన్న కాలేజీలు తక్కువ. ఉన్నచోట దాన్ని రెండో రకంగా చూడకు. ఇంజనీరింగ్ తలుపు మాత్రం ఎంఈసీతో తెరుచుకోదని గుర్తుంచుకో.

సైన్యం మీద మనసున్నవాళ్ళకు ఒక్క మాట: ఎన్‌డీఏలో ఆర్మీకి ఏ గ్రూపైనా చాలు. ఎయిర్‌ఫోర్స్, నేవీలకు ఎంపీసీ ఉండాలి. ఏ గ్రూపువాళ్ళైనా 300 మార్కుల లెక్కల పేపరు మాత్రం రాయాల్సిందే.

ఇంటర్ ఒక్కటే దారి అనుకోవద్దు. పాలీసెట్ రాసి మూడేళ్ళ డిప్లొమా చేసి, ఈసెట్‌తో బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. చేతి పని ఇష్టమైనవాళ్ళకు ఇది చాలా మంచి మార్గం. బాసర, నూజివీడు, ఇడుపులపాయ లాంటి చోట్ల ఉన్న ట్రిపుల్ఐటీలు పదో తరగతి మార్కులతో ఆరేళ్ళ కోర్సులో చేర్చుకుంటాయి. ప్రభుత్వ బళ్ళలో చదివినవాళ్ళు ఈ దరఖాస్తు గడువు పోగొట్టుకోవద్దు.

పది రోజులు ఇలా గడుపు

పదో తరగతి పరీక్షలు అయ్యాక వారం రోజులు హాయిగా నిద్రపో, ఆడుకో. ఆ తర్వాత పక్కింటి అన్ననో, అక్కనో అడిగి ఇంటర్ మొదటి ఏడాది పుస్తకాలు తెచ్చుకో. తెలుగు అకాడమీవైనా సరే, ఎన్‌సీఈఆర్‌టీవైనా సరే. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి.

ముందు లెక్కల పుస్తకం పట్టుకో. ఫంక్షన్లు గానీ, సరళరేఖలు గానీ చదువు. వీడియో చూసినా పరవాలేదు, కానీ లెక్క చేసేటప్పుడు ఫోను పక్క గదిలో పెట్టు. సాల్వ్ చేసిన లెక్కలు రెండు చూసి, మూడోది సొంతంగా ప్రయత్నించు. జవాబు వచ్చిందా లేదా అన్నది ఈ పది రోజుల్లో ముఖ్యం కాదు. రానప్పుడు నీ మనసు ఏం చేస్తున్నదో గమనించు. అన్నం తింటున్నప్పుడు ఆ లెక్క గుర్తొచ్చిందా? ఇంకోలా చేసి చూద్దామనిపించిందా? లేక పుస్తకం మూశాక ప్రాణం లేచొచ్చినట్టు అయ్యిందా? తర్వాత ఫిజిక్స్‌లో సరళరేఖపై చలనం, కెమిస్ట్రీలో మోల్ లెక్కలు. ఈ రెండూ ఎంపీసీ, బైపీసీ ఇద్దరికీ తప్పవు గనుక వీటికి రోజులు ఎక్కువే ఇవ్వు. చివరగా బోటనీలో పుష్పం నిర్మాణం చదివి, పెరట్లో మందారమో, ఉమ్మెత్తో కోసి భాగాలు విడదీసి బొమ్మ గీయి. జువాలజీలో ఒక వర్గం జీవుల లక్షణాలు చదివి, రెండు రోజుల తర్వాత చూడకుండా రాయి.

ప్రతి రాత్రీ నోటుబుక్కులో రెండు వాక్యాలు రాసుకో: ఈ రోజు ఎక్కడ ఆగిపోయాను, మళ్ళీ చేయాలనిపించిందా. పదో రోజున ఆ పేజీలు తిరగేస్తే నీకే కనపడుతుంది. ఒక జాగ్రత్త చెబుతాను. రెండు రోజులకే "నాకు లెక్కలు రావు" అని తీర్మానించకు. కొత్త భాషలో మొదటి రోజులు ఎవరికైనా తడబాటే. మరీ ముఖ్యంగా పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివినవాళ్ళకు. త్వరణం, ద్రవ్యవేగం, కిరణజన్య సంయోగక్రియ అని నేర్చుకున్నవన్నీ ఇప్పుడు యాక్సిలరేషన్, మొమెంటమ్, ఫొటోసింథసిస్ అవుతాయి. విషయం నీకు తెలుసు, పేరే మారింది. వేసవిలో రెండు వరుసల్లో ఒక పట్టిక రాసుకుంటే జూన్‌లో సగం భయం ఉండదు. తెలుగు మీడియం పిల్లలు చాలామంది తమకి సబ్జెక్టు రాదనుకుని గ్రూపు మార్చుకుంటారు. అది భాష ఇబ్బంది మాత్రమే. ఆ తేడా దయచేసి గుర్తించు.

చేరాక గ్రూపు సరిపడలేదని గట్టిగా అనిపిస్తే, క్లాసులు మొదలైన తొలి వారాల్లోనే ప్రిన్సిపాల్‌ను కలువు. మొదటి ఏడాది సగం అయ్యాక మారడం కష్టం. మౌనంగా భరిస్తూ రెండేళ్ళు గడపడం మాత్రం అన్నిటికంటే చెడ్డ నిర్ణయం.

అమ్మానాన్నలకు

మీరు కాలేజీ చూడటానికి వెళ్ళినప్పుడు ఆఫీసు గదిలో ఏసీ కింద కూర్చోబెట్టి ర్యాంకుల పట్టిక చూపిస్తారు. ల్యాబు చూపించమనండి. ఇంటర్ రెండో ఏడాదిలో సైన్సు సబ్జెక్టులకు ప్రాక్టికల్స్ మార్కులు ఉన్నాయి. మైక్రోస్కోపుల మీద దుమ్ము ఉందా, బ్యూరెట్లు ఎన్ని ఉన్నాయి, పిల్లలు వారానికి ఎన్నిసార్లు ల్యాబులోకి వస్తారు, అడగండి. నిరుటి మొదటి ఏడాది పిల్లల్లో ఎంతమంది రెండో ఏడాదికి అక్కడే కొనసాగారో కూడా అడగండి. ఫ్లెక్సీల మీద ఉండేది ర్యాంకు వచ్చిన కొద్దిమంది ఫొటోలే. మీ పిల్లలు చేరేది మిగతా వందల మంది మధ్య.

అన్న ఎంపీసీ చదివాడని తమ్ముడికీ అదే, ఆడపిల్ల గనుక బైపీసీ చాలు, పక్క ఊళ్ళో ఎంపీసీ లేదు గనుక ఉన్నదాంట్లో చేర్పించేద్దాం అనే మాటలు మన ఇళ్ళలో ఇంకా ఉన్నాయి. లెక్కలంటే ఇష్టమున్న ఎంతోమంది ఆడపిల్లల్ని ఇలా దారి తప్పించాం. బస్సు దూరం ఎక్కువైతే ప్రభుత్వ గురుకులాలు ఉన్నాయి, హాస్టళ్ళు ఉన్నాయి. ఒక్కసారి కనుక్కోండి.

మీ కోరిక చెప్పండి, దాచుకోవద్దు. డబ్బు పరిస్థితి కూడా పిల్లలకు చెప్పండి. ఏడాది లాంగ్ టర్మ్ కోచింగ్ భరించగలమో లేదో వాళ్ళకూ తెలియాలి. తర్వాత వాళ్ళ మాట వినండి. వాళ్ళు పది రోజుల నోటుబుక్కు తెచ్చి చూపిస్తే చదవండి. అది పూర్తయ్యేదాకా ఏ కాలేజీకీ అడ్వాన్సు కట్టకండి.